సారు కారు ఎన్ఓసీ

శశిభూషణ్ సారు దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లకు తలా ఒక శాఖ ఉండేది. యూనివర్సిటీ ఇచ్చిన శాఖలు కావవి. సారు నోరు తెరిచి ఇచ్చినవీ కావు. ఎవరు ఏ పనికి మొదట ఎదురుపడితే ఆ పని వాళ్ల మెడకు తగులుకుని, రెండోసారికి అలవాటై, మూడోసారికి వాళ్ల శాఖ అయి కూర్చునేది. రఘువీర్‌ది గ్యాసూ, నల్లా బిల్లూ. పెళ్లయి చదువు మధ్యలో వదిలేసిన ఒకమ్మాయి ఉండేది, ఉన్నన్నాళ్లూ ఆమెది సారింటి కుక్క. భానుప్రకాశ్‌ది కారు.

కారు శాఖ అంటే తోలడం ఒక్కటే కాదు. సర్వీసింగు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం, టైర్లో గాలి, అద్దం మీద పావురం రెట్ట, అన్నీ అందులోకే వస్తాయి. హుజూరాబాద్ అవతలి పల్లెలో వాళ్ల నాయిన గట్టయ్య ట్రాక్టర్ మీద పదో తరగతిలోనే స్టీరింగు పట్టినవాడు భాను. ఆ సంగతి మొదటి వారంలోనే సారు ముందు గొప్పకు చెప్పుకున్నాడు. ఆ ఒక్క మాట అతనివి నాలుగేళ్లు తినేసింది.

నాలుగేళ్ల కింద సారు బెంగళూరు నుంచి వచ్చాడు. భార్య వేదవతి మేడం, నలభై పెట్టెల పుస్తకాలు, కేఏ నంబరున్న తెల్ల కారు. అసలు ఊరు విశాఖపట్నం. తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక సందులో మూడో అంతస్తు ఫ్లాటు. ఇక్కడ సారు కింద రిజిస్టర్ అయిన మొదటి స్కాలరు భానుప్రకాశే. పశువుల అంగళ్ల మీద పరిశోధన చేస్తానంటే మిగతా ప్రొఫెసర్లు మూతి విరిచారు. సారు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇన్నాళ్లకొక బతికున్న టాపిక్ విన్నానోయ్ అన్నాడు. భానుకి ఆ రోజు హాస్టల్ మెస్సులో నీళ్ల పప్పు కూడా కమ్మగా అనిపించింది.

ఏడాదిన్నరకు తార్నాక చౌరస్తాలో ఆర్టీఏ వాళ్లు కారు ఆపారు. భాను తోలుతున్నాడు, సారు పక్కన. ఈ రాష్ట్రానికి బండి తెచ్చి ఎన్నాళ్లయిందని ఆఫీసరు అడిగితే, మొన్ననే వచ్చామండీ అన్నాడు సారు, పాఠం చెప్పినంత నిదానంగా. ఆఫీసరు అద్దం మీద యూనివర్సిటీ పార్కింగ్ స్టిక్కరు వైపు చూశాడు. దాని మీద పోయినేటి సంవత్సరం అచ్చై ఉంది.

ఆ సాయంత్రం భానుకి సారింట్లో మొదటిసారి సోఫాలో కూర్చుని టీ తాగే యోగం పట్టింది. రూలు ఏమిటంటే, వేరే రాష్ట్రం బండి ఇక్కడ ఏడాది వరకు ఆ నంబరుతోనే తిరగొచ్చు. ఏడాది దాటితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి. దానికి ముందు అక్కడి ఆఫీసు నుంచి ఎన్ఓసీ తేవాలి. ఈ బండి మీద మా దగ్గర ట్యాక్సు బాకీ లేదు, కేసు లేదు, మీ రాష్ట్రానికి తీసుకుపోవచ్చు అని వాళ్లిచ్చే కాగితం అది. బండికి పుట్టింటివాళ్లు పెట్టే అప్పగింతలు అనుకోవచ్చు. సారు చేత ఒక ఆథరైజేషన్ లెటరు రాయించుకుని భాను బెంగళూరు రైలెక్కాడు. భాష రాని ఊళ్లో వారం రోజులు కిటికీ కిటికీ తిరిగాడు. ఆ వారమే జమ్మికుంట వైపు పెద్ద అంగడి జరిగింది, అది తప్పిపోయింది. మళ్లీ అంత పెద్ద అంగడి కోసం ఆరు నెలలు ఆగాల్సి వచ్చింది.

టీఎస్ నంబరు ప్లేటు బిగించిన రోజు సారు భాను భుజం మీద చెయ్యేశాడు. "ఇక మనం పక్కా ఇక్కడివాళ్లమోయ్. నీ థీసిస్ చేతికొచ్చేదాకా నన్నెవడూ కదపలేడు."

భాను ఆ మాటను ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. వాళ్లమ్మ సమ్మక్కకు థీసిస్ అంటే ఏమిటో పట్టింపు లేదు, సారు మంచోడు అన్నది అర్థమైంది. ఆ ఏడు సారింటికి ఊరి నుంచి కందిపప్పు వచ్చింది.

థీసిస్ పోయిన వానాకాలానికే అయిపోయింది. ఆరు అధ్యాయాలు. ఎడ్ల బేరగాళ్లు తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్లతో ధర ఎలా మాట్లాడుకుంటారో, పక్కన నిలబడ్డ రైతుకు తన ఎద్దు ఎంతకు పోతోందో తెలియకుండా ఎలా జరుగుతుందో ఒక అధ్యాయం మొత్తం రాశాడు. ఇక మిగిలింది సారు చదవడం, సంతకం పెట్టడం, సబ్మిట్ చేయడం. భాను గడువు, పొడిగింపులన్నీ కలుపుకుని, ఈ జూన్ ఆఖరుకు తీరిపోతుంది. ఆ తర్వాత రిజిస్ట్రేషనే రద్దు. హాస్టల్ గది పోతుంది, నాలుగేళ్ల చదువూ పోతుంది, ఊళ్లో మళ్లీ ట్రాక్టరే. యూనివర్సిటీ నిబంధన ఇంకొకటి ఉంది. గైడు మారితే కొత్త గైడు కింద కనీసం ఆరు నెలలు పనిచేశాకే సబ్మిట్ చెయ్యనిస్తారు. భానుకి దాని అవసరం పడుతుందని కలలో కూడా లేదు. బండి రూళ్లు నోటికొచ్చినంతగా తన రూళ్లు అతను చదువుకోలేదు.

సారు చదవలేదు. అడిగినప్పుడల్లా చూద్దాంలేవోయ్ అనేవాడు. వాళ్లింట్లో ఫ్రిజ్జు మీద, మిక్సీ డబ్బా కింద ఆ ఆరు అధ్యాయాల కట్ట ఉండేది. భాను వెళ్లినప్పుడల్లా మొదట అటే చూసేవాడు. డబ్బా కదిలిందా లేదా అని.

జనవరిలో సారు పిలిచి కారుకు ఎన్ఓసీ తీయమన్నాడు, విశాఖపట్నం ఆఫీసు పేరు మీద. అక్కడ మా అన్నయ్య వెంకటేశ్వర్లుకి మోకాళ్ల ఆపరేషన్, కొన్నాళ్లు వాళ్లకు కారు ఉంటే ఆసరా అన్నాడు. భాను తన శాఖ కాబట్టి తెలిసిందంతా చెప్పాడు. కొన్నాళ్లకైతే ఎన్ఓసీ అక్కర్లేదు సార్, ఏడాది దాకా మన నంబరుతోనే తిరగొచ్చు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ ఉంటే చాలు. ఒకవేళ మొత్తానికే ఇచ్చేస్తున్నరంటే అన్నయ్యగారి పేరు మీదికి ఓనర్‌షిప్ కూడా మార్చాలె.

"పేరు నాదే ఉండనీ."

"మరి ఎన్ఓసీ ఎందుకు సార్, ఉత్తగనే ఇక్కడి ట్యాక్సు పోతది, అక్కడ మళ్ల కట్టాలె."

"నువ్వు చెప్పింది చెయ్యవోయ్ భానూ. చిన్న పని పెడితే థీసిస్ రాస్తావేంటి?"

భాను నవ్వాడు. సారు తనతో పరాచికాలాడాడని ఆ పూటంతా హుషారుగా కూడా ఉన్నాడు. తన నోటితో తానే లెక్క చెప్పాడు, ఆ లెక్క ఎటు పోతోందో చూసుకోలేదు. పేరు మారదు, ఊరు మారుతుంది, ఏడాదికి మించి ఉంటుంది. బండి అక్కడుంటే, బండి ఎవరి పేరు మీదుందో ఆ మనిషి ఎక్కడుంటాడు? ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పగలిగినవాడికి ఈ పాటి తట్టలేదు.

పని చిన్నది కాలేదు. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో పెట్టినా కాగితాలు చూపించడానికి ఆఫీసుకు తిరగక తప్పదు. బెంగళూరు బ్యాంకులో కారు లోను ఎప్పుడో తీరిపోయింది, ఆర్సీ మీద మాత్రం బ్యాంకు పేరు కొట్టేయించలేదు. ఆ బ్యాంకు లెటరుకు నెల పట్టింది. మేడం హబ్సిగూడ రోడ్డు మీద స్పీడుగా పోయినవి, సీటు బెల్టు పెట్టుకోనివి చలాన్లు బయటపడ్డాయి. అన్నీ క్లియర్ చేయించాడు. హాస్టల్లో జూనియర్లు అతన్ని ఆర్టీఏ అన్నా అనేవాళ్లు. ఎవరికి లైసెన్సు స్లాటు కావాలన్నా, ఆంధ్రా నుంచి తెచ్చుకున్న బైకుకు నంబరు మార్చాలన్నా అతని గది తలుపే కొట్టేవాళ్లు.

ఆ జనవరిలోనే ఇంకొకటి జరిగింది. రఘువీర్ సారును వదిలి అదే డిపార్ట్‌మెంటులో ఉన్న శైలజ మేడం కిందికి మారాడు. రఘువీర్ భానుకి రూమ్మేటు, నర్సంపేట వైపు పిల్లవాడు, వచ్చి రెండేళ్లే అయింది. సారుతో పడుతలేదన్నా, నా టాపిక్ ఆయనకు ఎక్కుతలేదు అన్నాడు. భాను జాలిపడ్డాడు. సారు దగ్గరికి వెళ్లి, పిలగాడు తెల్వక పోతున్నడు సార్, మీరొకసారి మందలిస్తే ఆగుతడు అని బతిమాలాడు కూడా. సారు కిటికీలోంచి బయటికి చూస్తూ, పోనీలేవోయ్, పోయేవాణ్ని పోనీ అన్నాడు. ఎంత పెద్ద మనసు అనుకున్నాడు భాను.

మార్చి ఆఖర్లో ఎన్ఓసీ వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఎండ ముదరకముందే క్యాంపస్ నుంచి తార్నాకకు నడిచాడు. సారు లేడు. వేదవతి మేడం తలుపు తీసి, కూర్చో బాబూ, పెసరట్టు వేస్తున్నా అంది. ఎన్ఓసీ తన చేతికే ఇమ్మని సారు ముందే చెప్పి ఉన్నాడు, అందుకని కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఫ్రిజ్జు మీదికి చూస్తే మిక్సీ డబ్బా లేదు. ప్రాణం లేచొచ్చింది. కట్ట మాత్రం ఉన్నచోటే ఉంది.

మేడం ప్లేటు తెచ్చి ఇచ్చి, ఎదురుగా కూర్చుని, మొహమాటంగా ఒక మాట అడిగింది. "నా డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడిది కదా బాబూ, అక్కడ మళ్లీ పరీక్ష పెడతారా? ఎనిమిది అంకె వెయ్యడం నా వల్ల కాదిక."

భాను నోరు దాని పని అది చేసుకుపోయింది. లైసెన్సుకు రాష్ట్రంతో పని లేదు మేడం, దేశమంతా చెల్లుతది. బండి వేరు, మనిషి వేరు. పరీక్ష ఏమీ ఉండదు. మొత్తానికి అక్కడే ఉంటే అడ్రస్ మార్పించుకుంటే సరిపోతది, కొన్నాళ్లకైతే అదీ అక్కర్లేదు. అంతా చెప్పి, అట్టు ముక్క తుంచుతూ అడిగాడు. "మీరు ఎన్ని రోజులుంటరు మేడం, అన్నయ్యగారింట్ల?"

"అన్నయ్యగారింట్లో ఎందుకు, క్వార్టర్ ఇచ్చారుగా. ఆయన డైరెక్టర్ పోస్టు అయిదేళ్లు. ఆ తర్వాత రిటైర్‌మెంటే, ఇక అక్కడే..." మేడం ఆగిపోయింది. భాను మొహం చూసింది. చేతిలో అట్లకాడ పట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. "నీకు చెప్పలేదా ఆయన?"

వంటింట్లో పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది. ఆమె అటు వెళ్లింది, చాలాసేపు తిరిగి రాలేదు. భాను ప్లేటు బల్ల మీద పెట్టి, చేయి కడుక్కుని, చెప్పకుండా మెట్లు దిగాడు.

తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్ గేటు దాకా ఎలా నడిచాడో తెలియదు. ఒక ఆటోవాడు చూసుకుని నడువవయ్యా అని అరిచింది గుర్తుంది. మెదడు మాత్రం ఆగకుండా నడిచింది. జూన్‌కి మూడు నెలలుంది. సారు ఎప్పుడు పోతాడు? పోయేలోగా సంతకం పెడితే చాలు. చదవకపోయినా సరే, కళ్లు మూసుకుని పెడితే చాలు.

గదిలో రఘువీర్ మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. భాను తలుపు దగ్గరే నిలబడి, సారు పోతున్నడంట నీకెరుకనా అన్నాడు. రఘువీర్ ఫోన్ బోర్లించి లేచి కూర్చున్నాడు. ఎరుక లేనివాడు ఎక్కడికి అని అడుగుతాడు. రఘువీర్ అడగలేదు.

"ఎప్పటి సంది ఎరుక?"

"అన్నా, కూసో ముందుగాల."

"ఎప్పటి సంది రా?"

"డిసెంబర్ల పిలిచి చెప్పిండు. నాకు ఇంకా టైమున్నది కదా, ఇప్పుడే గైడును మార్చుకుంటే మంచిదన్నడు. శైలజ మేడంతోని ఆయనే మాట్లాడిండు." రఘువీర్ దుప్పటి పోగు ఒకటి లాగుతున్నాడు. "భానుకు చెప్పకు, ఆయనకు నేనే చెప్త అన్నడు. నేను చెప్పిండేమో అనుకున్న."

"అనుకున్నవా?"

రఘువీర్ పోగు వదిలేశాడు. "లేదు. చెప్పలేదని ఎరుకే. నువ్వు చలాన్లు కట్టనీకి తిరుగుతుంటె చూస్తున్న కదా. రోజూ చెప్దామనుకున్న."

భానుకి కోపం రావాలి. రాలేదు. ఈ పిల్లవాడి కోసం తాను సారు ముందు చేతులు కట్టుకుని నిలబడిన రోజు గుర్తొచ్చింది. అది ముగ్గురి సంగతి, తెలిసింది మాత్రం మిగతా ఇద్దరికే. సారు కిటికీలోంచి చూసింది ఎందుకో ఇప్పుడు తెలిసింది. తువ్వాల కింద వేళ్లు కదులుతూనే ఉన్నాయి, తాను పక్కన నిలబడి ఎద్దు వీపు నిమురుతూ ఉన్నాడు.

మధ్యాహ్నమంతా ఆ కవరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. దుర్బుద్ధి పుట్టని మనిషేమీ కాదు. ఎన్ఓసీ తన చేతిలో ఉంది. సంతకం పెట్టు, కాగితం తీసుకో అంటే? ఊళ్లో అయితే ఎవరైనా ఇదే చేస్తారు. కానీ అతని పాడు జ్ఞానం అతన్ని ఆ మాత్రం ఆశ కూడా పడనివ్వలేదు. ఎన్ఓసీ లేకపోయినా సారు కారు విశాఖలో ఏడాది దర్జాగా తిరుగుతుంది. ఈలోగా పోయిందని చెప్పి ఇంకొకటి తీసుకోవచ్చు. చట్టం కారుకు పన్నెండు నెలలు ఇచ్చింది. తనకు మిగిలినవి మూడు.

సాయంత్రం మళ్లీ తార్నాక వెళ్లాడు. ఈసారి సారే తలుపు తీశాడు. హాల్లో పుస్తకాల పెట్టెలు వరసగా, టేపు వేసి ఉన్నాయి. పొద్దున అవి లోపలి గదిలో ఉండుంటాయి. మేడం బయటికి రాలేదు.

సారు ఏమీ దాచలేదు. అదే భానుకి ఎక్కువ నొప్పి పెట్టింది. పొద్దున వేదవతి చెప్పేసిందటగా అని తనే మొదలుపెట్టాడు. అయిదేళ్ల అవకాశమనీ, సొంత ఊరనీ, ఎవరైనా వదులుకోరనీ చెప్పాడు. ఎన్ఓసీ వచ్చాక నీకు చెబుదామనుకున్నా అన్నాడు.

"వచ్చినంక ఎందుకు సార్?"

"ముందే చెబితే నీ మనసు పాడవుతుంది. మనసు పాడైతే పని పాడవుతుంది."

"ఏ పని సార్?"

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాలుగేళ్ల కింద బతికున్న టాపిక్ అన్నప్పుడు తుడుచుకున్నట్టే, అదే గుడ్డతో.

భాను సంచిలోంచి సబ్మిషన్ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పెన్ను కూడా తీసి పెట్టాడు. సార్, ఒక్క సంతకం, మిగిలింది నేను చూసుకుంట అన్నాడు. గొంతు బతిమాలుతున్నట్టు రాకూడదని ఎంత అనుకున్నా అలాగే వచ్చింది.

"నేను నిన్న రిలీవ్ అయిపోయానోయ్. ఇప్పుడు పెట్టినా చెల్లదు." నిజంగా బాధపడుతున్నట్టే అన్నాడు సారు. "పోనీ అక్కడికొచ్చి నా కింద రిజిస్టర్ చేసుకో. నీలాంటి వాడు అక్కడా కావాలి నాకు."

"మళ్ల మొదటి సంది?"

"రూలు అలా ఉంది మరి. ఏం చేస్తాం?"

భాను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఫ్రిజ్జు దగ్గరికి వెళ్లి, అడక్కుండా, ఆరు అధ్యాయాల కట్ట తీసుకున్నాడు. పై పేజీ మీద మిక్సీ డబ్బా అడుగు గుండ్రంగా ముద్ర పడి ఉంది. లోపల ఎక్కడా పెన్ను గీత లేదు. వానాకాలం నుంచి ఒక్క పేజీ తిరగలేదు. ఎన్ఓసీ కవరు ఆ ఖాళీలో పెట్టాడు. ఎంత అనుకున్నా ఉంచుకోబుద్ధి కాలేదు. తన పని తాను పూర్తి చేశానని ఒక పిచ్చి రోషం.

సారు కవరు తెరిచి వివరాలు సరిచూసుకున్నాడు. అంతా ఉందని తృప్తిపడ్డాక, ఇంకో మాట అన్నాడు. సామాను లారీ రేపు పొద్దునే వస్తుంది, మేడంకి నడుం నొప్పి కాబట్టి వాళ్లిద్దరూ రైల్లో పోతారు, కారు అక్కడికి చేర్చాలి.

"పన్నెండు గంటల దారి. నువ్వైతే నాకు నిశ్చింత. వచ్చేటప్పుడు రైలు టికెట్టు నేను చేయిస్తా. అక్కడ రెండ్రోజులుండి కొత్త నంబరు సంగతి కూడా చూసి..."

భాను ఆయన్నే చూశాడు. ఈ మనిషికి నిజంగానే తెలియదు అనిపించింది. అవమానించాలని అనడం లేదు. కారు ఉంది, దాని శాఖ ఉంది, శాఖలో భాను ఉన్నాడు. అంతవరకే ఆయనకు కనిపిస్తోంది. నాలుగేళ్లుగా కనిపించింది అంతవరకే.

"రాను సార్."

సారు కోపగించుకోలేదు. సరే అని ఫోన్ తీసి, వేలితో పేర్లు పైకి జరపడం మొదలుపెట్టాడు. భాను చెప్పులేసుకుంటుండగా లోపలి గదిలోంచి మేడం, బాబూ అని పిలిచింది. తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే గదిలో చప్పుడుకు మెలకువ వచ్చింది. రఘువీర్ బ్యాగు సర్దుకుంటున్నాడు. భాను లేచి కూర్చుంటే వాడి చేతులు ఆగాయి. సారు పిలిచిండన్నా, కారు ఇడిసిరావాలంట అన్నాడు. శైలజ మేడం దగ్గర నన్ను పెట్టించింది ఆయనే కదా, కాదంటె ఎట్ల అన్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. వాడు మెట్టుగూడలో డ్రైవింగ్ స్కూలుకు పోయేది రెండు నెలల నుంచే. చేతిలో ఉన్నది లెర్నింగ్ లైసెన్సు.

"లెర్నింగ్‌తోని ఆంధ్రాల నడుస్తదా అన్నా?"

అడిగింది ఆర్టీఏ అన్నను. నిద్రమొహం మీద భానుకి నవ్వు వచ్చింది, లోపల ఎక్కడో కోసుకుంటూ వచ్చింది.

"నడుస్తది. దేశమంత నడుస్తది. ముందర ఎనక ఎల్ బోర్డు పెట్టాలె. పక్క సీట్ల లైసెన్సు ఉన్నోడు కూసోవాలె."

రఘువీర్ మంచం అంచు మీద కూర్చున్నాడు. "నువ్వొస్తవా అన్నా? ఉత్తగ కూసో, నేనే తోల్త. నీకు దండం పెడ్త. ఆ హైవే, లారీలు, నాకు భయమైతున్నది."

"సారుకు లైసెన్సు లేదా?"

"ఉన్నది."

"మరి ఆయనను కూసోబెట్టుకో."

రఘువీర్ నవ్వలేదు. భాను కూడా నవ్వులాటకు అనలేదు. వాడు తలొంచుకుని బ్యాగు జిప్పు లాగాడు. తలుపు దాటి వరండాలో పది అడుగులు వేశాక భాను వెనక నుంచి, ఇన్సూరెన్సు, పొల్యూషన్ డాష్‌బోర్డుల ఎడమ పక్కన ఉన్నయి, ఆపితే చూపియ్యి అని చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పదిన్నరకు కట్ట చంకలో పెట్టుకుని డిపార్ట్‌మెంటుకు పోయాడు. సారు గది తలుపు మీద పేరు పలక అప్పటికే తీసేశారు, మేకుల చిల్లులు రెండు ఉన్నాయి. పక్క గది శైలజ మేడంది. ఆవిడతో అతను ఇన్నేళ్లలో నమస్కారం మేడం అన్నది తప్ప మాట్లాడిందే లేదు. సంగతి చెబుతుంటే ఆవిడ మధ్యలో అడ్డం రాలేదు. చివరికి కట్ట అందుకుని, మొదటి పేజీ మీది గుండ్రటి ముద్రను గోటితో గీకి చూసి, రెండో అధ్యాయం ఎక్కడుందో వెతికి, నిలబడే నాలుగు పేజీలు చదివింది. తువ్వాల కింద బేరం ఉన్న పేజీలు.

ఇది బాగుంది అంది. చదివి వారంలో చెప్తా, తీసుకోవడం వరకు నాకు అభ్యంతరం లేదు అంది. గడువు సంగతి మాత్రం తన చేతిలో లేదంది. ఆరు నెలల రూలుకు మినహాయింపు ఇమ్మని యూనివర్సిటీకి అర్జీ పెడదాం, ఇస్తారని మాత్రం ఆశ పెట్టుకోకు అని నిక్కచ్చిగా చెప్పింది. అర్జీలో కారణం రాయాలి. పెన్ను తీసి, క్యాలెండరు వైపు చూసి, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుని, మళ్లీ అతని వైపు తిరిగింది.

"రఘువీర్ జనవరిలోనే వచ్చేశాడు కదా. నువ్వూ అప్పుడే వచ్చుంటే జూన్‌కి సరిగ్గా సరిపోయేది. మూడు నెలలు ఏం చేస్తున్నావు? వాళ్లు మొదట అడిగేది ఇదే. ఏం రాయమంటావు?"

భాను నిలబడ్డాడు. అబద్ధం ఏదైనా చెబుదామా అని చూశాడు. జ్వరం, అమ్మకు బాగలేదు, ఏదైనా.

"సారు కారు పని మీద తిరుగుతున్న మేడం" అన్నాడు.

ఆవిడ పెన్ను కాగితం మీద పెట్టకుండా అలాగే పట్టుకుని ఉంది.